గాజునకు వెల కట్టువారెవరు?

భావనపాడు తీరమున నిలిచి గుప్పెడు ఇసుకను చేతిలోనికి తీసికొని చూచినచో అది ఒక్క వన్నెగా నుండదు. తెల్లని పలుకుల నడుమ నల్లని నలకలును, అక్కడక్కడ ఎర్రని రేణువులును కానవచ్చును. నల్లనివి ఇల్మెనైటు, ఎర్రనివి గార్నెట్టు. భావనపాడు, కళింగపట్నముల తీరపు టిసుకలలో ఈ బరువైన ఖనిజములు కలవని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. తెల్లని పలుకులు మాత్రము సిలికా. గాజునకు మూలద్రవ్య మిదియే. సిలికాను సోడాతోను సున్నపురాతితోను కలిపి కొలిమిలో కరగించినచో గాజు సిద్ధించును. ఇసుకలో ఇనుము పాలు కొంచెము హెచ్చినను ఆ గాజు పచ్చదనము తిరుగును. కనుకనే మన ఉద్దానపు తీరమున ఇంత ఇసుక యున్నను, తెల్లగాజు చేయువారు గూడూరు సమీపమునందలి చిల్లకూరు ఇసుకవంటి దానినే కోరుదురు.

ఈ మాట మొదట చెప్పుటకు కారణము కలదు. బంగారు నగ విరిగినను తూకమునకు వెల వచ్చును. ఇత్తడి చెంబు చిల్లుపడినను కంచరి దానిని కాదనడు. గాజు సంగతి వేరు. దాని పదార్థము ఇసుక. పగిలినచో పెంటకుప్ప పాలు. అయినను ఒక చిన్న గాజుపాత్రకు వేలకొలది రూపాయలు చెల్లించి కొనువారును, అట్టివారికి అమ్మువారును ప్రపంచమున పలుచోట్ల ఏటేట సభగా కూడుచున్నారు. పదార్థములో లేని వెల ఆ పాత్రకు ఎచ్చటినుండి వచ్చినది? దానిని కట్టినవారెవరు? ఈ ప్రశ్నకు చరిత్రలో సమాధానము వెదకుట ఈ ప్రసంగమున మేము తలపెట్టిన పని.

మా కీ యాలోచన కలిగించినది ఒక గ్లాసు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానమున కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకూలినవి. ఇంటి కప్పులు లేచిపోయినవి. ఆ తరువాత కప్పు సవరించుకొనుటకై అటకమీది సామాను దింపిన ఒక యింట, పాత పెట్టెలో గోనెగుడ్డ చుట్టియున్న రెండు గాజుగ్లాసులను మేము చూచితిమి. బంతిపువ్వు వన్నెవి. వెలుతురున త్రిప్పినచో, వాననీటిపై పడిన నూనెబొట్టువలె, నెమలికంఠమువలె పలువన్నెలు వాటిపై పరుగెత్తినవి. అడుగున ఇంగ్లీషు అక్షరములతో ‘జైన్’ అను పేరు అచ్చుపడియున్నది. ఇవి ఎక్కడివని అడుగగా ఆ యింటి ముసలమ్మ, “మా అత్త రావివలస తీర్తంలో కొన్నాది బాబూ. ఎంతకో నానెరగను” అని చెప్పినది. ఒక గ్లాసు అంచు చిట్లియుండుటచే దానిని పారవేయుటకు వేరుగా పెట్టిరి.

రావివలస టెక్కలికి సమీపమున నున్నది. అచ్చటి మల్లికార్జునస్వామి ఎండకు వానకు గుడి కప్పు లేకుండ వెలసియుండుటచే జనులు ఆయనను ఎండల మల్లన్న యందురు. కార్తిక సోమవారములందును మహాశివరాత్రికిని అచ్చట తీర్థము సాగును. మన ప్రాంతపు తీర్థములలో మిఠాయి దుకాణముల సరసనే గాజుల దుకాణము లుండును. పల్లెటూరి గృహిణి తన కొంగుమూటలోని చిల్లర వెచ్చించి తనకు నచ్చిన వస్తువును తానే ఎంచి, తానే బేరమాడి కొనుటకు తీర్థము గొప్ప యవకాశము. ఆ గ్లాసులను కొన్న అత్తగారు అట్లే కొనియుండును.

మన భాషలో గాజు అను మాటకు రెండర్థములు కలవు. ఒకటి పదార్థము, రెండవది చేతికి తొడుగు ఆభరణము. సంస్కృత కాచశబ్దమునుండి ఈ మాట పుట్టినది. పదార్థపు పేరే ఆభరణమునకు పేరైనది. పిదప బంగారముతో చేసినదానిని సైతము బంగారు గాజు అనుచున్నాము. తెలుగువారికి గాజుతో గల చుట్టరికము ఎంత దగ్గరిదో ఈ యొక్క మాటయే చెప్పును. మలారము భుజమున వేసికొని వీధివీధి తిరిగిన గాజుల సెట్టి, ఇంటి వాకిట కూర్చుండి చేయి పట్టి, కొలత కంటితోనే గ్రహించి, నొప్పి తెలియకుండ గాజు తొడిగెడివాడు. అమ్మువానికి కొనువారి చేయి తెలియును. కొనువారికి అమ్మువాని మాట తెలియును. గాజు వ్యాపారమునకు ఈ పరస్పర పరిచయము తొలినుండియు ప్రాణము.

తెలుగుదేశమున గాజుపని మిక్కిలి పాతది. తిరుపతి సమీపమునందలి పాపానాయుడుపేటలో కొలిమినుండి గాజును సన్నని గొట్టముగా సాగదీసి, ముక్కలుగా త్రుంచి పూసలు చేయు పద్ధతిని పరిశోధకులు 1980 తరువాత చూచి వర్ణించిరి. ఇట్లు సాగదీసి చేసిన చిన్న పూసలు రెండువేల యేండ్లకు పూర్వమే దక్షిణభారతమునుండి సముద్రముమీదుగా ఆగ్నేయాసియాకు పోయినవి. పీటర్ ఫ్రాన్సిస్ అను అమెరికను పండితుడు వీనికి ‘ఇండో-పసిఫిక్ పూసలు’ అని పేరిడెను. పూసలకు పేరిడుటతో వాటిని ఏరుకొనువారికి, పోల్చిచూచువారికి ఒక మార్గ మేర్పడినది. పేరు లేనిదానికి వెల లేదు. ఈ సంగతి ముందు మరల వచ్చును.

పూసలు, గాజులు మనవే యైనను, పాత్రల విషయమున మనము చాలకాలము పరదేశములపై ఆధారపడితిమి. బొహీమియానుండి, జపానునుండి గాజుసామాను ఓడలలో దిగుచుండెను. గాబ్లోంజ్ పట్టణమువారు మన స్త్రీల చేతికొలతలకు తగిన గాజులను సైతము చేసి పంపుచుండిరి. స్వదేశోద్యమము వచ్చినపుడు ఈ పరాధీనత పెద్దలకు కష్టము తోచినది. మహారాష్ట్రమున ఒక్కొక్క పైస చొప్పున చందా ప్రోగుచేసిన పైసాఫండు సొమ్ముతో 1908వ సంవత్సరమున తలేగాఁవ్‌లో గాజు కర్మాగారము స్థాపించిరి. లోకమాన్య తిలకు దానికి అండ. 1916లో ఓగలే సోదరుల కర్మాగారము ప్రారంభమై ‘ప్రభాకర్’ లాంతరులకు ప్రసిద్ధి కెక్కెను. ఉత్తరమున ఆగ్రా చేరువనున్న ఫిరోజాబాదు గాజుల నగరమయ్యెను. 1930 దశకమున అచ్చటి జైన్ గాజు కర్మాగారము పలువన్నెల నిగ్గు గల పాత్రలను చేయుటకు పూనుకొనెను. చేప, ఏనుగు రూపములు గల పూలకూజాలును, నీళ్ళ గ్లాసులును అందలివి. మేము చూచిన రెండు గ్లాసులు ఆ జాతివే.

ఈ నిగ్గు పద్ధతి మాత్రము ఇచ్చట పుట్టలేదు. దాని కథ కొంత దూరమునుండి వచ్చినది. 1890 దశకమున న్యూయార్కులో లూయీ టిఫనీ అను శిల్పి, చిరకాలము భూమిలో పాతిపడిన ప్రాచీనపాత్రలపై పుట్టు ఇంద్రధనుస్సు వన్నెలను చూచి, అట్టి వన్నెలు గల గాజును చేయించెను. బొహీమియాలో లోట్జ్ కర్మాగారమువారును అట్టివానిని చేసిరి. అవి ధనికుల వస్తువులు. 1907వ సంవత్సరమున వెస్టు వర్జీనియాలోని విలియమ్స్‌టౌనులో ఫెంటన్ సోదరులు ఒక సులభోపాయమును ఆచరణలో పెట్టిరి. కరగిన గాజును ఇనుప అచ్చులో పోసి, నొక్కి, చల్లారకముందే దానిపై లోహలవణముల నీటిని చిమ్మిరి. వేడిగాజుపై పలుచని పొర యేర్పడి, వెలుతురు పడినపుడు వన్నెలు పుట్టినవి. తెల్లగాజుపై ఇనుపలవణము చిమ్మినచో బంతిపువ్వు రంగు వచ్చును. ఇట్లు చేసిన పాత్రలు టిఫనీ సొగసును పేదయింటికి తెచ్చినవి. టీపొడి, పిండి మొదలగు సరుకులతోపాటు బహుమానములుగా ఇచ్చుటయు, సంతలలో పందెపు బహుమతులుగా పంచుటయు జరిగినది.

అటువంటి వస్తువునకు మరుపు త్వరలోనే వచ్చును. 1920 దశకము ముగియునప్పటికి అమెరికాలో దాని గిరాకి తగ్గిపోయెను. జర్మనీ, చెకొస్లొవేకియా, ఫిన్లాండు దేశములలో కొంతకాలము చేసిరి. ఆ పిమ్మట పాత పాత్రలు అటకలెక్కినవి. 1950 దశకమున కొందరు వాటిని వెదకి ఏరసాగిరి. అప్పుడే వాటికి ‘కార్నివాల్ గ్లాస్’ అను పేరు స్థిరపడెను. తెలుగున తీర్థపు గాజు అనవచ్చును. మొదట చేసినవాడు ఈ పేరు పెట్టలేదు; ఏరుకొన్నవారు పెట్టిరి. 1960 దశకమున వారు సంఘములుగా ఏర్పడి ఏటేట కూడనారంభించిరి. ఇంతకుముందే, 1953లో పాల్ జోకల్సన్ అనువారు గాజు పేపరువెయిట్లు సేకరించువారికి ఒక సంఘమును స్థాపించియుండిరి. 1951లో న్యూయార్కు రాష్ట్రమునందలి కోర్నింగ్ పట్టణమున గాజు మ్యూజియము తెరచిరి. గాజును గూర్చి తెలిసికొనవలెనను కోరిక ఆ దశకమున బలపడెను.

ఈ కూటములు జరుగు తీరు తెలిసికొనదగినది. ఒక హోటలును మూడు నాలుగు దినములు తీసికొందురు. అమ్మదలచినవారు తమ గది తలుపు తెరచియుంచి, మంచముపై దుప్పటి పరచి, దానిపై పాత్రలను వరుసగా పేర్చి, ప్రక్కన వెల వ్రాసి పెట్టుదురు. రాత్రి ప్రొద్దుపోవువరకు జనులు ఒక గదినుండి మరియొక గదికి పోవుచుందురు. కొనువాడు పాత్రను చేతికి తీసికొని వ్రేలికొనతో అంచు చుట్టు తడవి చూచును. కంటికి కనబడని చిట్లుదల వ్రేలికి తెలియును. అడుగు భాగమును దీపమునకు ఎదురుగా పెట్టి గాజు అసలు రంగు చూచును. పైపొర వన్నె వేరు, లోపలి గాజు వన్నె వేరు. అడుగున గీతలు ఎట్లున్నవో పరీక్షించును. ఏండ్ల వాడుకవలన పడిన గీతలు తలకొక దిక్కున నుండును; గరుకుకాగితముతో రుద్దినవి ఒక్క తీరున నుండును. అతినీలలోహిత దీపము వేసి చూచినచో యురేనియము కలసిన గాజు చీకటిలో పచ్చగా మెరయును. పగలు ఉపన్యాసములు, ప్రదర్శనలు, చివర వేలము. వేలములో ఒక పాత్ర యెంతకు పోయినదో పదిమంది వ్రాసికొందురు. మరుసటి యేడు ఆ సంఖ్యయే బేరమునకు మొదటిమాట యగును.

ఇందు బేరముకంటె తెలివిడి పెద్దది. ఒక్కొక్కరి యింట ఒంటరిగా నున్న పాత్రలు ఒకచోట చేరినపుడు, ఇది ఆ కర్మాగారపు అచ్చు, అది దాని ప్రతి, ఈ రంగు అరుదు అని తేలును. పాత వ్యాపార జాబితాల పుటలను ఒకరు తెత్తురు, పాత్రను మరొకరు తెత్తురు. రెండింటిని సరిపోల్చినచో తండ్రి పేరు తెలియని పాత్రకు గోత్రము దొరకును. మన దేశపు గాజు ఈ విధముగనే వెలుగులోనికి వచ్చినది. గత శతాబ్దపు చివరి భాగమున ఫిరోజాబాదు పాత్రలు పశ్చిమదేశముల సేకర్తల కంటబడెను. అడుగున నున్న పేరును చదివి, అచ్చులను పోల్చి, వారు భారతదేశపు తీర్థపు గాజును ఒక ప్రత్యేక శాఖగా గుర్తించిరి. మన అటకలపై ధూళి తినుచున్నదానికి అవతలి ఖండమున పేరు పెట్టవలసివచ్చెను.

ఇట్టి సేకరణము మన నేలమీద లేకపోలేదు. ఉన్నది, మిగుల గొప్పగా నున్నది. కాని దాని పద్ధతి వేరు. హైదరాబాదు సాలార్జంగు మ్యూజియము అందరెరిగినదే. మూడవ సాలార్జంగు నవాబు మీర్ యూసుఫ్ అలీఖాను 1889వ సంవత్సరమున జన్మించి, 1912 నుండి 1914 వరకు నిజాము రాజ్యమున ప్రధానమంత్రిగా నుండెను. పదవి విడిచిన పిమ్మట జీవితమంతయు కళావస్తువుల సేకరణకే వెచ్చించెను. వెనిసు, బొహీమియా, ఫ్రాన్సు, ఇంగ్లాండు, ఐర్లండు దేశముల గాజుపాత్రలు ఆయన కొన్నవానిలో కలవు. వర్తకులు వస్తువులు తెచ్చి దివాన్ దేవిడిలో చూపెడివారు. కొనువాడు ఒక్కడు, అమ్మువారు పలువురు. సభ లేదు, పోటీ లేదు, వేలము లేదు. నవాబుగారి కన్నే తక్కెడ. 1949వ సంవత్సరము మార్చి 2వ తేదీన ఆయన వారసులు లేకుండ మరణించెను. ఆ యపారమైన సామానునకు గతి యేమని ఆలోచించి, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్సును పిలిపించి సర్దించి, 1951వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన ప్రధానమంత్రి నెహ్రూచేత దానిని మ్యూజియముగా తెరపించిరి. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయప్రాముఖ్యము గల సంస్థ యయ్యెను. 1968లో మూసీ యొడ్డున ఇపుడున్న భవనమునకు మారెను.

ఒక నవాబుగారి గాజును కాపాడుటకు ప్రభుత్వము, పార్లమెంటు పూనుకొనవలసివచ్చెను. రావివలస తీర్థమున కొన్న గ్లాసును కాపాడుటకు ఎవరు పూనుకొందురు? నవాబుగారి పాత్రలో గొప్ప శిల్పము కలదు. తీర్థపు గ్లాసులో సామాన్యుల అభిరుచి కలదు. చిల్లర డబ్బులతో ఇంటికి కొంత వెలుగు తెచ్చుకొనవలెనని మన ముత్తవ్వలు పడిన ఆశకు అది సాక్ష్యము. ఈ సాక్ష్యమును మ్యూజియములు అరుదుగా ఏరును. సేకర్తల కూటములే దీనికి దిక్కు.

అయితే బేరమున్నచోట మోసమును ఉండును. పాత అచ్చులు దొరకినచో కొత్త పాత్రలు చేయవచ్చును. ఇంపీరియల్ కంపెనీవారు 1960 దశకమున తమ పాత అచ్చులతో మరల తీర్థపు గాజును చేసి, దానిపై తమ కొత్త గుర్తును వేసిరి. ఫెంటన్ వారు 1970 నుండి అట్లే గుర్తుతో చేసిరి. ఇది న్యాయమైన పని. ఆ గుర్తును అరగదీసి పాతదని చెప్పి అమ్ముట అన్యాయము. కూటములలో ఇట్టి వంచన ఎక్కువకాలము సాగదు. ఏటేట అదే జనము కలిసికొందురు కావున చిట్లిన అంచును చెప్పక అమ్మినవానికి మరుసటి యేడు మొగము చెల్లదు. మన గాజుల సెట్టి ఏటేట అదే వాకిటికి రావలసియుండుటచే అబద్ధమాడలేకపోయినట్లే ఇదియును.

శ్రోతలు చట్టమునుగూర్చి ఒక మాట తెలిసియుండుట మేలు. 1972లో పార్లమెంటు చేసి, 1976 ఏప్రిలు 5 నుండి అమలులోనికి తెచ్చిన చట్టము ప్రకారము, నూరేండ్లకు తక్కువ కాని కళావస్తువులు ప్రాచీనవస్తువు లనబడును. వాటిని వ్యాపారముగా అమ్ముటకు లైసెన్సు కావలెను. ప్రయివేటు వ్యక్తులు వాటిని విదేశములకు పంపరాదు. 1907 నాటి ఫెంటన్ పాత్ర ఈ వయస్సును దాటినది. 1930 దశకపు ఫిరోజాబాదు గ్లాసు మరికొన్ని యేండ్లలో దాటనున్నది. నిన్నటి తీర్థపు సరుకు రేపటి ప్రాచీనవస్తువు. ఎంత శీఘ్రముగా!

తొలి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. గాజునకు వెల ఇసుక కట్టదు, కొలిమి కట్టదు. దానిని గూర్చి ఎరిగినవారు నలుగురు కూడి, చేతికి తీసికొని చూచి, పేరు పెట్టి, తమకు తెలిసినది దాచక చెప్పినపుడే వెల పుట్టును. ఆ నలుగురు లేనిచోట ఎంత చక్కని పాత్రయైనను పాతసామానే. మన ప్రాంతమున అట్టి కూటమి జరిపించుటకు హోటలు అక్కరలేదు, ధనికులు అక్కరలేదు. టెక్కలిలోనో, పలాసలోనో ఒక గ్రంథాలయపు గదిలో, ఏడాదికొక దినము, ఇంటనున్న పాత గాజును గుడ్డలో చుట్టి తెచ్చి బల్లమీద పెట్టి, ఇది ఎవరు కొన్నది, ఏ తీర్థమున కొన్నది, దేనికి వాడినది అని చెప్పుకొన్న చాలును. అమ్మకము తరువాత సంగతి. ఒకరు చెప్పినది మరొకరు వ్రాసికొన్నచో అదియే మొదటి జాబితా.

అంతవరకు ప్రతి గృహస్థు చేయదగిన పని యొకటి కలదు. పాతసామాను కొనువాని కేక వినబడినపుడు, గాజుపాత్రను గుమ్మము దాటించుటకు ముందు తిరగవేసి అడుగు చూడవలెను. ఏదైన పేరు, గుర్తు కలదేమో గమనింపవలెను. ఇంటి పెద్దలను అడిగి దాని కథను ఒక కాగితముపై వ్రాసి, ఆ కాగితమును మడచి పాత్రలోనే ఉంచవలెను. పాత్ర మరల దొరకవచ్చును. ఆ కథ తెలిసిన పెద్దవారు మరల దొరకరు.

మేము చూచిన యింటి ముసలమ్మ ఆ దినము చిట్లిన గ్లాసును చేతిలోనికి తీసికొని తుడిచి, వెలుతురునకు త్రిప్పి చూచినది. వన్నెలు పరుగెత్తినవి. “ఉండనీండి” అని మనుమనితో చెప్పి, దానిని రెండవదాని సరసనే గోనెగుడ్డలో చుట్టినది.